పోయిన సొమ్ముకి లెక్క ఉండాలి వదినగారూ

వదినగారూ, పొయ్యి మీద ఏమీ లేకపోతే ఒక్క పది నిమిషాలు ఇలా గోడ దగ్గరికి రండి. మూలింటి వాళ్ళ సంగతి మీ చెవిన పడే ఉంటుంది. తెనాలిలో పెళ్ళని శనివారం పొద్దున్నే తాళం వేసుకుని వెళ్ళారు. ఆదివారం రాత్రి వచ్చి చూస్తే ఏముంది, వెనక తలుపు గొళ్ళెం ఊడబెరికి ఉంది. బీరువాలో చీరలన్నీ మంచం మీద గుట్టపోసి, లోపలి సొరుగు పగలగొట్టి, ఉన్నదంతా ఊడ్చుకుపోయారు.

పాపం ఆ ఇంటావిడ ఒక్కత్తే వెళ్ళలేక నన్ను తోడు రమ్మంటే స్టేషన్‌కి వెళ్ళాను. రైటరు గారు మర్యాదగానే కూర్చోబెట్టి కాగితం తీశారు. "ఏమేం పోయాయమ్మా?" అన్నారు. నల్లపూసలు, చంద్రహారం, జుంకాలు, మాటీలు, పిల్లదాని మెళ్ళో గొలుసు అని గబగబా చెప్పింది. "ఒక్కోటీ ఎన్ని గ్రాములు?" అనేసరికి ఆవిడ నోరు పడిపోయింది. చంద్రహారం ఆరు కాసులో ఏడు కాసులో, అమ్మ పెట్టింది, తూకం ఎవరు చూశారు అంది. "విలువ ఎంత వేసుకోమంటారు?" అంటే, చేయించినప్పుడు అరవై వేలు అయిందని నాన్న అనేవారు అని చెప్పబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "అప్పటి ఖరీదు వద్దండీ, ఇవాళ్టి రేటు రాయించండి" అన్నాను. ఆయన కాదనలేదు. కానీ గ్రాములు తెలియకపోతే ఇవాళ్టి రేటు మాత్రం దేనికని కడతారు? ఆ రాత్రి నుంచీ ఇదే నా బుర్రలో తిరుగుతోంది. మీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

దొంగతనాలు మునుపటి కన్నా తగ్గాయి, ఎక్కడ చూసినా సీసీ కెమెరాలే కదా అని మొన్న మా మరిది అన్నాడు. తగ్గితే సంతోషమే. కానీ దొంగ పడ్డ ఇంటికి తగిలే దెబ్బ మాత్రం తగ్గలేదు, పెరిగింది. పది కాసుల బంగారమే తీసుకోండి, అంటే 80 గ్రాములు. 2005 ప్రాంతంలో మేలిమి బంగారం పది గ్రాములు ఏడు వేల రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఆ లెక్కన పది కాసులు పోతే 56 వేలు పోయినట్టు. 2015లో పది గ్రాములు 26 వేలకి అటూ ఇటూ, అంటే రెండు లక్షల పైమాట. 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష ముట్టింది, ఆ తర్వాత ఇంకా పైకే పోయింది. లక్ష చొప్పున వేసుకున్నా అదే పది కాసులకి ఎనిమిది లక్షలు. నగ అదే, బీరువా అదే, దొంగ పట్టుకున్న ఇనప రాడ్డు కూడా అదే. ఇరవై ఏళ్ళలో ఆ ఇంటి నష్టం మాత్రం పద్నాలుగు రెట్లు అయింది. ఆ ఇంటాయన జీతం పద్నాలుగు రెట్లు పెరిగిందా చెప్పండి?

పైగా పోయిన నగ మళ్ళీ చేయించుకోవాలంటే బంగారం ధరతో తెగదు. తరుగు, మజూరీ, వాటి మీద జీఎస్టీ అన్నీ మళ్ళీ మొదటి నుంచీ కట్టాలి. అవేవీ కేసు కాగితంలో కనపడవు. పగిలిన తలుపు, మార్పించిన తాళాలు, స్టేషన్‌కీ కోర్టుకీ తిరిగే రోజుల్లో పోయిన కూలీ ఎవరూ రాసుకోరు.

ఇంకో మాట. నేను బ్యాంకులో బంగారం అప్పుల కౌంటర్లో కూర్చున్న దాన్ని కదా, నాకు ఇది బాగా తెలుసు. మనవాళ్ళకి బంగారం మెళ్ళో వేసుకునే సోకు ఒక్కటే కాదు. మిర్చికి పెట్టుబడి కావాలన్నా, పిల్లాడి కాలేజీ ఫీజు గడువు ముంచుకొచ్చినా, ఆస్పత్రిలో అడ్వాన్సు కట్టమన్నా ముందు గాజులే తీసేవారు. నగ విలువలో నూటికి 75 దాకా అప్పు ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఏళ్ళ తరబడి ఉండేది. ఎనిమిది లక్షల బంగారం ఉన్న ఇల్లాలికి ఆరు లక్షలు ఒక్క పూటలో పుట్టేవన్నమాట, అదీ బ్యాంకు వడ్డీకి. ఆ బంగారం దొంగ పట్టుకుపోతే ఆ ఇంటికి నగా పోయింది, అప్పు పుట్టే దారీ పోయింది. మర్నాడు అవసరం వస్తే నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి బయట తేవాల్సిందే. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. ఆ వడ్డీ కట్టిన ప్రతి నెలా ఆ ఇంట్లో మళ్ళీ దొంగ పడ్డట్టే.

మీ అమ్మాయి టెక్సాస్‌లో ఉంది కాబట్టి అక్కడి లెక్క కూడా చెబుతాను వినండి. అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్ళు ఏటా ఎన్ని ఇళ్ళు, కొట్లు పగలగొట్టారో, ఒక్కో దానికి సగటున ఎంత పోయిందో లెక్క కడతారు. 2010లో అలాంటి దొంగతనాలు 21 లక్షల పైచిలుకు. 2019కి 11 లక్షల చిల్లరకి వచ్చాయి, దాదాపు సగం. మొత్తం నష్టం కూడా 460 కోట్ల డాలర్ల నుంచి 300 కోట్లకి దిగింది. కానీ ఒక్కో దొంగతనానికి పోయిన సగటు సొత్తు 2,119 డాలర్ల నుంచి 2,661 డాలర్లకి ఎక్కింది. ధరల పెరుగుదల తీసేసి చూసినా పెరిగినట్టే. దేశానికి నష్టం తగ్గిందని పేపర్లో వస్తుంది, అది నిజమే. దొంగ పడిన ఇంటికి మాత్రం మునుపటి కన్నా ఎక్కువే పోయింది, అదీ నిజమే. ఒక ఊళ్ళో కేసులు తగ్గాయని ఎవరైనా చెప్పినప్పుడు ఒక్కో కేసులో ఎంత పోయిందో కూడా అడగాలి వదినగారూ. మనం అడగకపోతే ఎవరడుగుతారు?

అక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి కూడా తెలుసు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో భారతీయుల, ఆసియా వాళ్ళ ఇళ్ళు ఏరి ఏరి దోచిన ముఠా ఒకటి ఉండేది. దాన్ని నడిపించినావిడకి 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళ జైలు వేసింది. అమ్మాయికి ఒక మాట తప్పకుండా చెప్పండి. అమెరికాలో ఇంటి బీమా ఉంది కదా అని ధీమాగా ఉంటారు. మామూలు పాలసీల్లో నగలు దొంగతనం పోతే చాలాచోట్ల 1,500 డాలర్ల వరకే ఇస్తారు. మీరు పెట్టిన హారం ఒక్కటే అంతకి ఎన్ని రెట్లో! నగల వివరాలూ విలువా రాసిచ్చి, విడిగా ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించుకుంటేనే పూర్తి విలువ వస్తుంది. ఇవాళ రాత్రి ఫోన్ చేసినప్పుడు పాలసీ తీసి చూడమనండి.

మన దగ్గరో? మన దగ్గర ఇంటికి బీమా చేయించే వాళ్ళే తక్కువ. చేయించిన వాళ్ళు కూడా అందులో ఏముందో చదవరు. 2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష అని ఒకే మోస్తరు పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, తుఫాను, వరద లాంటివి అందులో ఉంటాయి. అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, ఆ ప్రమాదం వల్ల దొంగతనం జరిగితే దానికీ వర్తిస్తుంది. ఉత్తి పుణ్యానికి ఒక రాత్రి దొంగ పడితే ఆ పాలసీలో రాదు, దానికి దొంగతనం బీమా విడిగా తీసుకోవాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది "మాకు బీమా ఉందిలే" అనుకుంటూ నిశ్చింతగా ఉన్నారో!

లాకర్లో పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారా? ఇంట్లో బీరువా కన్నా వెయ్యి రెట్లు నయం, నేను కాదనను. కానీ లాకర్లో పోతే బ్యాంకు మొత్తం ఇస్తుందనుకోకండి. 2021లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది, 2022 జనవరి 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. దొంగతనమో, అగ్నిప్రమాదమో, భవనం కూలడమో, సిబ్బంది మోసమో జరిగితే బ్యాంకు లాకరు ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా బాధ్యత వహించాలి. ఏడాదికి మూడు వేలు అద్దె కడుతుంటే మూడు లక్షలన్నమాట. లోపల ఏం పెట్టామో బ్యాంకుకి తెలియదు, తెలుసుకోదు. కాబట్టి లాకర్లో ఉన్నదానికి కూడా మన దగ్గరే లెక్క ఉండాలి.

బంగారం లేని వాళ్ళ సంగతి ఇంకా బాధ. మా తమ్ముడి ఊళ్ళో చూశాను. పొలాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్ దించేసి, ఆయిలు పారబోసి, లోపలి రాగి తీగ పట్టుకుపోయారు. ఆ రాగి ఎవడికో అమ్మితే దొంగకి వచ్చేది కొద్దిపాటి డబ్బు. కానీ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా దాని కింద ఉన్న మోటార్లన్నీ ఆగిపోయాయి. పూత మీదున్న మిర్చికి తడి లేకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. దొంగ మూట కట్టింది రాగే, రైతు పోగొట్టుకున్నది పంట. కేసులో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు రాస్తారు.

బండ్ల సంగతి చూడండి. దేశంలో నమోదయ్యే దొంగతనాల్లో బండ్లది పెద్ద వాటా. మన వీధి చివర టిఫిన్ బండి అబ్బాయిది స్కూటరు పోయిందని చెప్పాను కదా, వాడికి ఉన్నది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. దాంట్లో దొంగతనానికి పైసా రాదు. పూర్తి బీమా ఉన్నా కొన్న ధర ఇవ్వరు. ఏడాది ఏడాదికీ విలువ తగ్గిస్తారు. రెండేళ్ళు దాటి మూడో ఏడు నడుస్తున్న బండికి నూటికి 30 కోస్తారు, నాలుగో ఏట 40, అయిదో ఏట 50. లక్ష రూపాయల బండి నాలుగో ఏట పోతే చేతికొచ్చేది అరవై వేలు. కొత్తది కొనబోతే రిజిస్ట్రేషను, రోడ్డు టాక్సు మళ్ళీ కట్టాలి. ఆ స్కూటరు లేకపోతే వాడు పొద్దున నాలుగింటికి మార్కెట్‌కి ఎలా వెళ్తాడు? ఆటోకి పెట్టే డబ్బు రోజూ వాడి గల్లాపెట్టెలోంచే పోతోంది. ఉన్నవాడికి బండి పోతే చికాకు. లేనివాడికి బతుకుతెరువే తప్పిపోతుంది.

పోయింది తిరిగి వస్తుందా అంటే, జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా వేసే పుస్తకంలో పోయిన సొత్తు విలువ ఎంత, దొరికింది ఎంత అని ఒక పట్టిక ఉంటుంది. ఈ మధ్య ఏ ఏడు తీసి చూసినా పోయిన దాంట్లో సగం కూడా దొరకట్లేదు. బంగారం మరీ కష్టం. ముద్ద చేసేస్తే చంద్రహారమో గొలుసో ఎవరికి తెలుస్తుంది? అందుకే దొంగసొత్తు అని తెలిసి కొన్నవాడిది కూడా నేరమే. కొత్త న్యాయసంహితలో 317వ సెక్షన్ అది. కొనేవాడు లేకపోతే దొంగ ఆ బంగారాన్ని ఏం చేసుకుంటాడు? నా బాధల్లా ఏమిటంటే, దొంగని పట్టుకున్నప్పుడు ఫొటో వేస్తారు గానీ కొన్నవాడి గురించి ఎవరూ మాట్లాడరు.

దొరికిన సొత్తు కూడా వెంటనే చేతికి రాదని భయపడి చాలామంది వదిలేస్తారు. అలా వదలొద్దు. పోలీసుల దగ్గర సొత్తు ఏళ్ళ తరబడి మూలుగుతూ ఉండకూడదని 2002లోనే సుప్రీంకోర్టు గుజరాత్ కేసు ఒకదాంట్లో గట్టిగా చెప్పింది. నగలకి పంచనామా రాసి, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని సొంతదారుకి అప్పగించమంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో 497వ సెక్షన్ కూడా అదే దారి. కోర్టు ముందుకి వచ్చిన సొత్తుకి 14 రోజుల్లో వివరాలు రాయించి ఫొటో, వీడియో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చెయ్యాలో ఉత్తర్వు ఇవ్వాలి. వకీలు చేత తాత్కాలికంగా అప్పగించమని అర్జీ పెట్టించుకోవాలి, అంతే. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో మనకి చెప్పాలి. ఇవి మన హక్కులు. బతిమాలుకోవాల్సిన పని లేదు.

ఫోన్ పోయినా "పోతే పోనీ" అనుకోకండి. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో వివరాలు పెడితే ఆ ఫోన్ మన దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచెయ్యకుండా ఆపేస్తారు. 2023 మే నుంచి దేశమంతా ఉంది ఇది. ఎవరైనా అందులో కొత్త సిమ్ము వేస్తే ఆచూకీ తెలుస్తుంది. పోయిన ఫోన్లు వెతికి ఇవ్వడంలో తెలంగాణ పోలీసులు ముందు వరసలో ఉన్నారు.

ఇప్పుడు తలుపు పగలగొట్టని దొంగ గురించి కూడా చెప్పాలి. సైబర్ మోసాల్లో మనవాళ్ళు పోగొట్టుకున్నది కేంద్ర హోంశాఖ పార్లమెంటులో చెప్పింది. 2022లో 2,306 కోట్లు. 2023లో 7,465 కోట్లు. 2024లో 22,845 కోట్లు. ఏటికేడు మూడేసి రెట్లు! బీరువాలో ఉన్నంతే ఇంటి దొంగ పట్టుకుపోగలడు. వీళ్ళు ఖాతాలో ఉన్నదీ, ఫిక్సుడు డిపాజిట్టు విరగ్గొట్టించిందీ, ఒక్కోసారి మన పేరున అప్పు తీయించిందీ పట్టుకుపోతారు. డిజిటల్ అరెస్టు అని భయపెట్టి రిటైరైన వాళ్ళ జన్మకష్టాన్ని రెండు రోజుల్లో ఊడ్చేస్తున్నారు. అలాంటి అరెస్టు చట్టంలో లేనే లేదు వదినగారూ, అన్నయ్యగారికి కూడా చెప్పండి. పొరపాటున డబ్బు వెళ్ళిందని తెలిస్తే ఆ క్షణమే 1930కి ఫోన్ చెయ్యాలి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి మారిపోయే లోపు ఆపగలిగితేనే దక్కుతుంది. పరువు పోతుందని ఒక రాత్రి ఆగితే మర్నాటికి ఏమీ మిగలదు.

అందుకే నేను అనేది ఒక్కటే. పోయిన సొమ్ముకి పూర్తి లెక్క పైకి రావాలి. మనం తక్కువ రాయిస్తే కాగితం మీద నష్టం తక్కువవుతుంది. నష్టం తక్కువని కాగితం చెబితే మన వీధికి రాత్రి గస్తీ ఎందుకు, దర్యాప్తుకి మనుషులెందుకు అంటారు. పూర్తిగా రాయించడం మన ఒక్క ఇంటి కోసమే కాదు, పక్కింటి కోసం కూడా.

మనం ఇవాళే చెయ్యగలిగింది ఉంది. ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో నగకి ఒక్కో పేజీ. పేరు, గ్రాములు, ఎన్ని క్యారెట్లు, రాళ్ళ బరువు ఎంత, ఎవరు పెట్టారు, ఏ ఏడు చేయించారు, ఎక్కడ కొన్నారు. కొత్త నగ అయితే హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. భూతద్దం పెట్టి చూసి అది రాసుకోండి. ముందు వైపు, వెనక వైపు, కొక్కెం దగ్గర ఫొటోలు తియ్యండి. అతుకు వేయించిన చోటు ఉంటే అది ఇంకా బాగా తియ్యండి, ఇది నాదే అని కోర్టులో చూపించడానికి అంతకన్నా గుర్తు ఏముంటుంది? రసీదులు ఒక కవరులో పెట్టి, ఫొటోలు అబ్బాయికి పంపించండి. ఆ పుస్తకం మాత్రం నగలున్న బీరువాలో పెట్టకండి. స్కూటరు ఛాసిస్ నంబరు, ఫోన్ల ఐఎంఈఐ నంబర్లు చివరి పేజీలో రాయండి.

వచ్చే నెల మీరు తిరుపతి వెళ్తున్నారు కదా, వెళ్ళే ముందు పోలీసు వాళ్ళ ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేయించుకుందాం. తాళం వేసిన ఇంట్లో వాళ్ళే వచ్చి కెమెరా పెడతారు, లోపల ఎవరు కదిలినా కంట్రోల్ రూముకి తెలుస్తుంది. దానికి డబ్బులేమీ అడగరు. పేపరూ పాల ప్యాకెట్టూ గుమ్మంలో పడి ఉండకుండా నేను తీస్తాను, సాయంత్రం వరండా లైటు నేను వేస్తాను.

తూకానికి మన బజారు షరాబు దగ్గరికి రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్దాం. ఆయన దగ్గర మిల్లీగ్రాముల త్రాసు ఉంది, నేను దగ్గరుండి వేయించి రాయిస్తాను. ముందు మీ అత్తగారి కాసులపేరుతో మొదలుపెట్టండి. దానికి రసీదు ఎటూ ఉండదు, ఎవరు చేశారో ఎప్పుడు చేశారో చెప్పగలిగింది మీరొక్కరే.